పదిహేడో నంబరు పగ

ప్రతి ఉదయం మొదటి పడవ కదలక ముందు రేవులో చేయవలసిన పనులు ఇవి. పవర్‌హౌస్‌కు ఫోన్ చేసి జలాశయంలో నీటిమట్టం ఎంతుందో అడగాలి. ఆ అంకెను సుద్దముక్కతో నల్లబోర్డు మీద రాయాలి. ఈ రోజు కరెంటు కోసం ఎన్ని టర్బైన్ యూనిట్లు తిప్పుతున్నారో, నీళ్లు ఎంత దిగుతాయో పడవలు నడిపే సరంగులకు చెప్పాలి. ఎక్కేవాళ్ల తలలు లెక్కపెట్టాలి. తలకొక జాకెట్ తొడిగించి, పట్టీలు బిగించి, ఒక్కొక్కటీ లాగి చూడాలి. తిరిగి రేవులో కాలు మోపేదాకా ఎవరూ దాన్ని తీయకుండా చూడాలి. చివరగా, ఇవన్నీ చేశామని రిజిస్టరులో సంతకం పెట్టాలి.

వీటిలో చివరి పని ఒక్కటే మా రేవులో ఏనాడూ తప్పలేదు.

నేను ఒక లైఫ్ జాకెట్‌ని. నారింజ రంగు గుడ్డ, లోపల ఆరు పలకల ఫోము, ముందు రెండు పట్టీలు. ఛాతీ మీద తెల్ల రంగుతో అరచేయంత అంకె, పదిహేడు. పుట్టింది సముద్రం ఒడ్డున ఉన్న ఒక నగరంలో, రేకుల షెడ్డులో. నన్ను కుట్టినావిడ ఆఖరి కుట్టు వేశాక పట్టీని పళ్లతో పట్టుకుని మూడుసార్లు లాగింది. తెగలేదు. "పో, ఎవరినో ఒకరిని బతికించు" అని గుట్టలోకి విసిరింది. నాకు జీవితంలో అందిన ఉపదేశం అదొక్కటే. నిజానికి నా పని అంత గొప్పదేమీ కాదు. మనిషి నీళ్లలో పడితే అతని గడ్డాన్ని నీటికి నాలుగు వేళ్ల పైన నిలబెట్టాలి. అంతే. అతను మంచివాడా, చెడ్డవాడా, టికెట్ కొన్నాడా లేదా అని నేను అడగకూడదు.

ఇప్పుడు మాత్రం ఒక మనిషి గురించి అడుగుతున్నాను. అతని గడ్డం పైన ఉండాలని నాకు లేదు. నాకు ప్రాణం లేదు కాబట్టి జాలీ లేదు. ఉన్నదల్లా పగే. దాచుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఆ మనిషి పేరు హరనాథం. ఆనకట్ట ఎగువన, కొండల మధ్య చేతివేళ్లలా చీలిపోయిన నీళ్లలో పడవ షికారు నడిపే కాంట్రాక్టరు. మూడు పడవలకు నూట ఇరవై జాకెట్లు ఉన్నట్టు కాగితాల మీద ఉంది. కొన్నది నలభై. ఆ నలభైకీ తనే దగ్గర నిలబడి నంబర్లు వేయించాడు. "టూరిస్టుల్ని నమ్మకూడదయ్యా. చంకలో పెట్టుకుని పోతారు" అనేవాడు. లోకంలో దొంగ కానివాడు తానొక్కడే అని అతని నమ్మకం.

నలభై జాకెట్లతో మూడు పడవలు ఎలా నడిచాయో చెబుతాను. పడవ రేవు దాటి పావుగంట పోతే కొండ చాటున ఒక మలుపు వస్తుంది. అక్కడికి వెళితే రేవులోని పోలీసు గుడిసెకు పడవ కనిపించదు. ఆ చాటున ఒక చిన్న మరబోటు కాచుకుని ఉండేది. పడవ ఆగేది. "ఇక్కడి నుంచి లోతు లేదండీ, జాకెట్లు అక్కర్లేదు, హాయిగా గాలి పీల్చుకోండి" అని బోటు మనిషి అందరి దగ్గరా మమ్మల్ని వసూలు చేసుకుని, గోనెపట్టా కప్పి రేవుకు తీసుకెళ్లేవాడు. మేము రెండో పడవ వాళ్ల ఒంటి మీదకు ఎక్కేవాళ్లం. మళ్లీ మలుపు. మళ్లీ మూడో పడవ. తిరుగు దారిలో అదే మలుపు దగ్గర మమ్మల్ని మళ్లీ తొడిగి రేవులో దింపేవారు. ఒకే పెళ్లిబట్టలతో ముగ్గురు పెళ్లికొడుకులకు పెళ్లి చేసినట్టు.

నిజం చెప్పాలంటే జనం కూడా మమ్మల్ని సంతోషంగానే విప్పి ఇచ్చేవారు. ఫోటో అయిపోయాక మాతో ఏం పని? కొత్త పెళ్లికూతుళ్లు "పట్టుచీర నలిగిపోద్ది" అనేవారు. కాలేజీ కుర్రాళ్లు "అన్నా, ఇది కంపు కొడతంది, సెంటు కొట్టింది లేదా?" అని నవ్వేవారు. ఒకాయన నన్ను నడుం కింద వేసుకుని కూర్చుని, ఇంట్లో అందరికీ జాగ్రత్త గురించి మలుపు వచ్చేదాకా చెప్పాడు. భయం మనుషులకు రేవులో ఉంటుంది. నీళ్ల నడుమ ఉండదు. ఇది తిరగబడి ఉండాలని నాకు అనిపించేది.

మూడో పడవ సరంగు పేరు మైలపల్లి దానయ్య. ఉత్తరాంధ్ర సముద్రపు మనిషి. చేపల వేటకు ఈ జలాశయం ఒడ్డుకు తరలివచ్చినవాళ్ల గుడిసెల్లో అతనిదీ ఒకటి. భార్య కొర్లమ్మ పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, వేసుకుని చేపలు పట్టేది. దానయ్యకు సరంగు పని దొరికాక గుడిసె ముందు అతని ఖాకీ చొక్కా ఆరేసినప్పుడల్లా "మా వోడు గవర్మెంటోడైపోనాడు" అని పక్కవాళ్లతో అనేది. గవర్నమెంటూ కాదు, ఏమీ కాదు. అయినా ఆ చొక్కాను ఎవరూ తాకకుండా చూసుకునేది.

వాడకం ఎక్కువై మాలో ఆరింటికి పట్టీ కొక్కేలు విరిగిపోయాయి. అందులో నేనొకదాన్ని. కొత్తవి కొనమంటే హరనాథం "ముడేసుకోండయ్యా, చేతుల్లేవా?" అన్నాడు. దానయ్య గుడిసె నుంచి వలతాడు తెచ్చాడు. ప్రతి ట్రిప్పుకూ విరిగిన ఆరు జాకెట్లకూ తనే ముడి వేసేవాడు. రెండు మెలికలు, ఒక ఎదురు మెలిక, కొస లోపలికి. తడిసేకొద్దీ బిగుసుకునే ముడి. ఎలా విప్పాలో తెలిసినవాడికి క్షణం పని. తెలియనివాడికి కత్తే గతి.

ఒక మాట దాచను. మలుపు దగ్గర ఆ ముళ్లు విప్పిందీ దానయ్య చేతులే. నెలల తరబడి విప్పాడు. మొదట్లో ఒకసారి "నడిమిట్లో ఇప్పడం తప్పు బావూ" అన్నాడు. "తప్పొప్పులు నాకు చెప్పమాక. ఇష్టం లేకపోతే చొక్కా విప్పి పో" అన్నాడు హరనాథం. దానయ్య ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం అతని తప్పు. ఆ తప్పును నేను అతని లెక్కలోనే ఉంచుతాను. కానీ ఎవరి లెక్కలోది వాళ్ల లెక్కలోనే ఉండాలి. నా గొడవంతా అదే.

ఏప్రిల్ నెల. పవర్‌హౌస్‌లో యూనిట్లు ఆగకుండా తిరుగుతున్నాయి. ఊళ్లలో ఫ్యాన్లు తిరగాలంటే ఇక్కడ నీళ్లు దిగాలి. రేవులో బోర్డు మీది అంకె మాత్రం తొమ్మిది రోజులుగా మారలేదు. మా మలుపు దగ్గర నీళ్ల కింద ఒక ఊరు ఉంది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగింది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు దాని మీదుగా పడవలు హాయిగా పోతాయి. నీళ్లు దిగినప్పుడు ఆ ఊరి బడి గోడ పైకి వస్తుంది. పూర్తిగా వస్తే ప్రమాదం లేదు, కనిపిస్తుంది. జానెడు లోతులో ఆగినప్పుడే ప్రమాదం.

ఆ ఆదివారం ముందు రెండు పడవలూ వెళ్లిపోయాయి. మరబోటు మమ్మల్ని రెండోసారి రేవుకు చేర్చింది. మూడో పడవకు ముప్ఫై ఇద్దరు వరసలో ఉన్నారు. దానయ్య హరనాథం దగ్గరికి వచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బావూ, మలుపుకాడికి నాను పోను. ఇందాక పుట్టి మీద ఎల్లి సూసినాను. నీటికాకి నీల నడుమ నిల్సున్నాది."

"నిలబడితే?"

"అది నీల మీద నిల్సోనేదు బావూ. గోడ మీద నిల్సున్నాది. నడిమి లోతు నుంచి పోతాను, ఎడంగా. మలుపుకాడ ఆపను."

"ఆపకపోతే జాకెట్లు ఎట్టా వస్తయి? మొదటి పడవోళ్లు దిగేటప్పటికి గుడిసె కాడ పోలీసోడు చూస్తాడు, ఒంటి మీద లేకపోతే నా పరువేం గాను?" హరనాథం నవ్వాడు. "ఏందయ్యా దానయ్యా, కాకిని చూసి భయపడతన్నావు? సముద్రం చూసినోడివి గదా! పో పో. ఐదు నిమిషాలు ఆపు, ఇచ్చెయ్, పో."

అక్కడ ఇంకొకరు ఉన్నారు. రేవులో ఫోటోలు తీసే ఖాసింపీరా. వరసలో ఉన్నవాళ్లను నిలబెట్టి, జాకెట్లతో ఫోటో తీసి, వాళ్లు తిరిగొచ్చేసరికి తేదీ, టైమూ వేసి అచ్చు తీసి ఇస్తాడు. ఆ సమయానికి నేను సువార్త అనే టీచరమ్మ ఒంటి మీద ఉన్నాను. ఆమె నలుగురు టీచర్లతో కలిసి వచ్చింది. దానయ్య నా ముడి వేస్తుంటే "అంత బిగిస్తే ఊపిరెట్టా ఆడుద్ది అన్నా?" అంది. "ఊపిరి ఆడాలనే బిగిస్తున్నానమ్మా" అన్నాడు దానయ్య. ఖాసింపీరా క్లిక్కుమనిపించాడు.

మలుపు దగ్గర పడవ ఆగింది. దానయ్య వీలైనంత ఎడంగా ఆపాడు. మరబోటు మనిషి ఎక్కి జాకెట్లు పోగు చేశాడు. ఇరవై ఆరు వచ్చాయి. ముడి వేసిన ఆరు మిగిలాయి.

"దానయ్యా, విప్పు."

"ఈయేల ఇప్పను."

"ఏంది?"

"ఇప్పనని సెప్పినాను గదా. ఎల్లి మీ బావుకి సెప్పుకో."

మరబోటు మనిషి సువార్త ముందు కూర్చుని నా ముడితో కుస్తీ పట్టాడు. గోళ్లతో పీకాడు. పళ్లతో కొరికాడు. నేను కదలలేదు. ఆ అయిదు నిమిషాలూ పది నిమిషాలయ్యాయి. ఈలోగా గాలి తిరిగింది. ఇంజను ఆపి ఉన్న పడవను గాలి పక్కకు, ఇంకా పక్కకు తోసింది. దానయ్య చూసి చుక్కాని వైపు పరుగెత్తాడు. అప్పటికే అడుగున గరగరమని శబ్దం వచ్చింది. బడి గోడ పడవ పొట్టను ఈ చివరి నుంచి ఆ చివరికి చీల్చింది. మరబోటు మనిషి తన బోటులోకి దూకాడు. కిందకు పోతున్న మనుషుల మధ్య నుంచి, ఇరవై ఆరు జాకెట్లు పోగేసుకుని, ఒక్కటి కూడా విసరకుండా రేవు వైపు పారిపోయాడు. భయపడ్డాడంటారు. కావచ్చు. ఆ పోగులో ఉన్నవి నా తోటివి. నీళ్లకు అంత దగ్గరగా ఉండి నీళ్లు తాకలేకపోయాయి.

సువార్త తల రెండుసార్లు మునిగింది. రెండుసార్లూ నేను పైకి లాగాను. నా జీవితంలో నేను పని చేసిన రోజు అదొక్కటే. గోడ ఎక్కడుందో దానయ్యకు తెలుసు. ఈత రానివాళ్లను ఒక్కొక్కరినే లాక్కొచ్చి గోడ మీద నిలబెట్టాడు. జానెడు లోతు నీళ్లలో, మునిగిన బడి గోడ మీద, చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు మనుషులు. నలుగురిని తెచ్చాడు. ఐదో మనిషి కోసం వెళ్లాడు. పెద్దాయన, బరువైన మనిషి, భయంతో దానయ్య మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ కనిపించలేదు. కేకలు విని కొర్లమ్మ, ఇంకో ఏడెనిమిది మంది పుట్టిలు వేసుకుని వచ్చారు. కొర్లమ్మ తన పుట్టిలోకి ముగ్గురిని ఎక్కించుకుంటూ "మావోడేడీ? సరంగు ఏడీ?" అని అడుగుతూనే ఉంది. 

పదకొండు మంది పోయారు. దానయ్యతో పన్నెండు. ముడి వేసిన ఆరుగురూ బతికారు.

నెల తిరక్కుండానే మొదటి నివేదిక వచ్చింది. బతికినవాళ్లంతా తమ దగ్గర జాకెట్లు మధ్యలో తీసేసుకున్నారనే చెప్పారు. దానికి హరనాథం అడ్డం చెప్పలేదు. తెలివైనవాడు. "అవును సార్, తీయించాడు. దానయ్యే తీయించాడు. నాకు తెలిస్తే ఊరుకుంటానా?" అన్నాడు. మరబోటు మనిషీ అదే పాట పాడాడు; దానయ్య విప్పనన్నాడని టీచరమ్మ చెప్పిన మాట రాసుకోలేదు. కాగితంలో ఇలా పడింది: 'సరంగు మైలపల్లి దానయ్య తన సొంత నిర్ణయంతో ప్రయాణికుల జాకెట్లు తీయించినందున.' చనిపోయినవాడు వచ్చి కాదనడు గదా.

ఆ కాగితాన్ని సువార్త టీచరమ్మ చదివి వినిపించింది. కొర్లమ్మ ఏడవలేదు. "సొంత నిర్ణయం అంటే ఏటమ్మా?" అని అడిగింది. టీచరమ్మ అర్థం చెప్పింది. కొర్లమ్మ అంది: "ఆ రెండు మాటలూ కొట్టించాల. నాకు మరేటీ అక్కర్నేదు." అప్పటి నుంచి ఆఫీసుల చుట్టూ తిరిగింది. పుట్టి వదిలేసింది. తోడు ఎవరూ లేరు. టీచరమ్మ రాసిచ్చిన అర్జీ, దానయ్య ఖాకీ చొక్కా, ఈ రెండే చేతిసంచిలో. ఆ అర్జీ వల్లే రెండో విచారణ వేశారు.

నేను సాక్ష్యంగా ఆ గదిలో బల్ల మీద ఉన్నాను, మెడకు చీటీతో. విచారణాధికారి రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మెల్లగా మాట్లాడతాడు. హరనాథం ఇస్త్రీ చొక్కాతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కొర్లమ్మ, టీచరమ్మ గోడ పక్కన నిలబడ్డారు.

"హరనాథం గారూ, ఇది ఏ పడవది?"

హరనాథం నన్ను చూశాడు. అంకె చూశాడు. ముఖం వెలిగింది. "మొదటి పడవది సార్. ఒకటి నుంచి నలభై దాకా మొదటి పడవ. నలభై ఒకటి నుంచి రెండోది. నంబర్లు నేనే నిలబడి వేయించా. ఒక పడవది ఇంకో పడవకు పోనే పోదు."

"ఇది మూడో పడవలో ఈ టీచరమ్మ ఒంటి మీద దొరికింది."

"తొందర్లో మారిందేమో సార్, ఒక్కటి."

"కావచ్చు. ఒకసారి తొడుక్కోండి."

"నేనా?"

"ఎలా కడతారో చూద్దామని."

ఆ క్షణం కోసం నేను ఎన్ని నెలలు కాచుకున్నానో! అతను నన్ను తల మీదుగా దించుకున్నాడు. నాలో ఇంకా ఆ నీళ్ల వాసన ఉంది. పాచి వాసన. అతని ముక్కు కిందే పెట్టాను. అప్పట్లో ఒడ్డున ఇద్దరు పట్టి నన్ను టీచరమ్మ తల మీదుగా లాగారే తప్ప ముడి విప్పలేదు, అది ఆమె కొలతకే బిగిసి ఉంది. అతని పొట్ట దగ్గర ఇరుక్కుపోయాను. పైకీ రాలేదు, కిందికీ దిగలేదు. అతను ముడి విప్పబోయాడు. వేళ్లతో పీకాడు. చెమటలు పట్టాయి. "ఇదేం ముడి సార్" అన్నాడు. జవాను వచ్చి ప్రయత్నించాడు. రాలేదు. అధికారి స్వయంగా లేచి చూశాడు. రాలేదు. నేను ఇంకొంచెం బిగిశాను. అతని చెమటకు తడిసి బిగిశాను. అవును, కావాలనే.

"కత్తి తేనా సార్?" అన్నాడు జవాను.

"వద్దు బావూ" అని కొర్లమ్మ ముందుకు వచ్చింది. "అది మా ఆయన ముడి."

హరనాథం ఎదురుగా నిలబడింది. అతని ముఖం వైపు చూడలేదు. బొటనవేలితో కొసను లోపలికి నొక్కి, ఎడమవైపు ఒక్క తిప్పు తిప్పింది. ముడి జారిపోయింది.

నన్ను అతని మీంచి తీసి బల్ల మీద పెట్టింది. అధికారి వైపు తిరిగి అంది: "తియ్యాలనుకున్నోడు ఇలాగ ముడేస్తాడా బావూ? ఊడకూడదనే గదా ఏసినాడు. ఈలు ఇప్పమంటే ఇప్పినాడు. ఆ తప్పు ఆడిదే, నాను కాదన్ను. ఆ రోజు ఇప్పనన్నాడు. ఆ ఆరుగురూ అందుకే ఉన్నారు. ఆ తప్పు రాయండి, కాదన్ను. ఆడి సొంతం అని రాయకండి."

హరనాథం తేరుకున్నాడు. "ముడి వేసినంత మాత్రాన సాక్ష్యమవుద్దా సార్? నేను విప్పమన్నానని ఎవరు చూశారు?"

అప్పుడు టీచరమ్మ సంచిలోంచి ఒక కట్ట తీసింది. ఖాసింపీరా ఇచ్చిన ఫోటోలు. డబ్బులివ్వకుండా వెళ్లిపోయినవాళ్లవి, అచ్చు తీసినా తీసుకోనివి, అతను పారేయక అట్టపెట్టెలో ఉంచాడు. ఆ ఆదివారం తొమ్మిదీ నలభైకి మొదటి పడవ ఎక్కుతున్న ఒక పెళ్లికొడుకు ఛాతీ మీద పదిహేడు. పదిన్నరకు రెండో పడవ వరసలో ఒక పోస్టుమాస్టరు మీద పదిహేడు. పదకొండుంబావుకు టీచరమ్మ మీద పదిహేడు. మొదటి పడవ తిరిగొచ్చింది పన్నెండున్నరకు అని రిజిస్టరులో హరనాథం సంతకం. అంతకు ముందు ఆదివారమూ అంతే. దానయ్య జ్వరంతో పనికి రాని ఫిబ్రవరి వారంలోనూ అంతే. మూడు పడవలు, ముగ్గురు మనుషులు, ఒకే పదిహేడు.

అధికారి ఫోటోలను ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు, నా పక్కన. "హరనాథం గారూ, నంబర్లు మీరే నిలబడి వేయించారన్నారు కదా?"

అతను నీళ్లు తాగాడు.  ఎవరో దొంగిలిస్తారని వేసిన అంకెలు అతని నోరే మూయించాయి. నేను నవ్వలేను. నవ్వగలిగితే ఆ రోజు బల్ల విరిగేది.

నివేదిక మార్చారు. 'సొంత నిర్ణయంతో' అన్న మాటలు కొట్టేసి, 'కాంట్రాక్టరు ఏర్పాటు ప్రకారం, ఆ రోజు సరంగు నిరాకరించినప్పటికీ' అని రాశారు. కొర్లమ్మ ఆ వాక్యాన్ని టీచరమ్మ చేత మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి పెదవులు కదుపుతూ తానూ అంది. ఆమెకు కావలసింది దొరికింది.

నాకు దొరకలేదు. హరనాథం మీద కేసు పెట్టారు, కానీ బెయిలు మీద తిరుగుతున్నాడు. రేవులో పడవలు ఇంకొకరి పేరు మీద నడుస్తున్నాయట. నేను కోర్టు వస్తువుల గదిలో, ఒక విరిగిన మోటారుకూ రెండు గొడ్డళ్లకూ మధ్య మేకుకు వేలాడుతున్నాను. నా ఫోము పొడిగా రాలుతోంది. ఎలుకలు ఒక మూల కొట్టేశాయి. అయినా వాయిదా ఉన్న ప్రతిసారీ నన్ను దించి, దులిపి, కోర్టు బల్ల మీద పెడతారు. ఛాతీ పైకి ఉండేలా. అతను బోనులో నిలబడి నా వైపు చూడకుండా ఉండటానికి గడియారం చూస్తాడు, ఫ్యాను చూస్తాడు, తన చెప్పులు చూస్తాడు. పోయినసారి తన లాయరుతో గుసగుసగా అన్నాడు: "దాన్ని ప్రతిసారీ ఎందుకండీ తేవడం?" లాయరు ఫైలు తిరగేశాడు. సమాధానం నా దగ్గర ఉంది. నేను మరిచిపోకుండా ఉండటానికి కాదు, అతను మరిచిపోకుండా ఉండటానికి. ఈ కేసు ఎన్నేళ్లు సాగితే అన్నేళ్లు వస్తాను. తీర్పు ఏమొస్తుందో నాకు తెలియదు. తొందర కూడా లేదు. తేలడం నేర్చినదాన్ని. ఎంతసేపైనా ఆగగలను.

చదువుతున్న మీతో నాకు ఒక్క మనవి. నన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు, హరనాథాన్ని నేను చూసుకుంటాను. ఒక మనిషి ఉన్నాడు. ఎన్నో రోజులు భయపడి చెప్పినట్టు చేశాడు, ఒక్క రోజు చేయనన్నాడు, తర్వాత ఐదో మనిషి కోసం నీళ్లలోకి తిరిగి వెళ్లాడు. అతని పేరు మైలపల్లి దానయ్య. దయచేసి గుర్తుంచుకోండి.